"ఇది ఏ యుద్ధంల కొట్లాడింది బిడ్డా?"

మాది కొమురవెల్లి. మల్లన్న జాతరకి వచ్చినవాళ్ళకి చెప్పక్కర్లేదు. రానివాళ్ళ కోసం: హైదరాబాదు నుంచి రాజీవ్ రహదారి పట్టుకుని సిద్దిపేట వైపు ఓ ఎనభై, తొంభై కిలోమీటర్లు వస్తే మా ఊరు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలు ఒగ్గు డోళ్ళు, పట్నాలు, బోనాలు, ఎటు చూసినా పసుపు బండారి. నీళ్ళంటే మాకు చెరువులూ, బావులూ, బోర్లే. ఏ దిక్కుకి పోయినా సముద్రం రావాలంటే ఒక రోజు ప్రయాణం. (2022లో మా పక్కనే మల్లన్నసాగర్ ప్రారంభించి పేరులో సాగరం అయితే తెచ్చారు గానీ, అది రిజర్వాయరు :) )

మా బాపు గొర్లు కాసిన మనిషి. డెబ్బై దాటేదాకా సముద్రం చూడలేదు. నేను పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, ఆఫీసు పని మీద వైజాగ్ ఎన్నోసార్లు వెళ్ళొచ్చి కూడా ఆయన్ని ఒక్కసారి తీసుకెళ్ళలేదు. ఆ సిగ్గు కొంత పోగొట్టుకుందామని మొన్నామధ్య తీసుకెళ్ళా. ఆర్కే బీచ్‌లో సముద్రం చూసి ఆయన పెద్దగా ఏమీ అనలేదు. "శాన ఉంది" అన్నాడంతే. కురుసుర సబ్‌మెరైన్ లోపల తిప్పి తీసుకొచ్చా. ఆ తర్వాత రోడ్డు దాటి ఎదురుగా ఉన్న విమానం దగ్గరకి వెళ్ళాం. టీయూ-142. యాభై మీటర్లు దాటిన పొడవు, ఇంచుమించు అంతే రెక్కల వెడల్పు. నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజనుకి ఒకదాని వెనక ఒకటి, ఎదురెదురు దిక్కుల్లో తిరిగే రెండు ప్రొపెల్లర్లు. బాపు దాని చుట్టూ నెమ్మదిగా తిరిగి, పొట్ట కిందికి వంగి చూసి, చివరికి అడిగాడు:

"ఇది ఏ యుద్ధంల కొట్లాడింది బిడ్డా?"

ఇది బాంబు వేసి ఎవర్నైనా ముంచినట్టు నేనెక్కడా చదవలేదు. అదే చెప్పా. "ఇది సముద్రం మీద తిరుక్కుంట చూసేది బాపూ."

"చూసుడేనా?"

ఆ రెండో ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేకపోయింది. అక్కడున్న మిగతావాళ్ళలాగే రెండు ఫోటోలు దిగి బయటికొచ్చేశాం. కానీ ఆ మాట నన్ను పట్టుకుంది. వచ్చాక మన నౌకాదళం విమాన విభాగం గురించి దొరికింది దొరికినట్టు చదివా. ఈ టపా మా బాపుకి ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు.

అసలు విషయానికొస్తే, తెలుగు తీరానికి నౌకాదళ విమానం అనేది పరిచయమయింది శత్రువుదిగా. 1942 ఏప్రిల్ 6. జపాన్ వాళ్ళ ర్యూజో అనే చిన్న విమాన వాహక నౌక బంగాళాఖాతంలోకి వచ్చింది. దాని మీంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. నష్టం లెక్కలో పెద్దది కాదు. భయం మాత్రం చాలా పెద్దది. జనం మూటాముల్లె కట్టుకుని ఊరు ఖాళీ చేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కొన్నాళ్ళు గుంటూరుకి తరలిపోయింది. వైజాగ్ వాళ్ళని అడగండి, ఇంట్లో పాతవాళ్ళు చెప్పిన బాంబుల కథ ఒకటైనా ఉంటుంది.

అదే వారంలో కొలంబోలో జరిగింది చూడండి. ఏప్రిల్ 4న కాటలీనా అనే గస్తీ విమానంలో లెనార్డ్ బిర్చాల్ అనే కెనడా పైలట్ సింహళానికి దక్షిణాన సముద్రం మీద తిరుగుతూ జపాన్ పెద్ద నౌకాదళాన్ని చూశాడు. చూసింది చూసినట్టు రేడియోలో కొట్టాడు. కొడుతుండగానే జపాన్ ఫైటర్లు ఆ విమానాన్ని కూల్చేశాయి. బతికినవాళ్ళు ఖైదీలయ్యారు. కానీ కబురు చేరింది. మర్నాడు దాడి జరిగేలోగా కొలంబో రేవులోంచి చాలా ఓడల్ని బయటికి పంపేశారు. ఆ గస్తీ విమానం ఒక్క జపాన్ ఓడని కూడా ముంచలేదు. చూసి చెప్పింది, అంతే. బిర్చాల్‌ని తర్వాత 'సింహళాన్ని కాపాడినవాడు' అన్నారు.

మా బాపు ప్రశ్నకి మొదటి ముక్క ఇక్కడ దొరికింది నాకు.

స్వాతంత్ర్యం వచ్చాక మన నౌకాదళానికి రెక్కలు మెల్లమెల్లగా వచ్చాయి. 1953 మే 11న కొచ్చిలో మొదటి నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ గరుడ మొదలయింది. నీళ్ళ మీదా నేల మీదా దిగగల సీలాండ్ అనే చిన్న విమానాలతో పని ఆరంభం. 1957లో బ్రిటన్ సగంలో ఆపేసిన ఒక యుద్ధనౌకని మనవాళ్ళు కొన్నారు. రెండో ప్రపంచ యుద్ధం కోసం మొదలుపెట్టి, యుద్ధం అయిపోయాక మూలన పడేసిన హెర్క్యులిస్ అది. దాన్ని పూర్తి చేయించి 1961 మార్చి 4న ఐఎన్ఎస్ విక్రాంత్‌గా నౌకాదళంలో చేర్చుకున్నారు. దాని మీద రెండు రకాల విమానాలు. దాడికి సీ హాక్ జెట్లు, సబ్‌మెరైన్లని వెతకడానికి అలిజేలు.

ఇక్కడ ఒక చిక్కుంది. మన ఆఫీసుల్లో అందరికీ తెలిసిన చిక్కే: ఈ మాడ్యూల్ ఎవరిది? ఓడ మీంచి లేచే విమానాలు నౌకాదళానివి. మరి నేల మీంచి లేచి, వందల కిలోమీటర్లు సముద్రం మీద గస్తీ తిరిగి వచ్చే పెద్ద విమానాలు? అవి వాయుసేన చేతిలో ఉండేవి. కాపలా కావాల్సింది ఒకరికి, కాపలా విమానం ఇంకొకరి దగ్గర. వాయుసేన వైపు కూడా న్యాయం ఉంది. ఉన్న కాసిని విమానాల్నీ రెండు దళాలకి పంచితే ఖర్చు రెట్టింపు అన్నది వాళ్ళ వాదన. ఏళ్ళ తరబడి ఇది తేల్లేదు. తేలకుండానే 1971 వచ్చింది.

1971 అనగానే మనకి ఘాజీ గుర్తొస్తుంది. సినిమా కూడా వచ్చింది కాబట్టి కథంతా మళ్ళీ చెప్పను. కానీ నిఘా కోణం నుంచి ఒకసారి చూడండి. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ నవంబరు 14న కరాచీ నుంచి బయల్దేరింది. దాని లక్ష్యం విక్రాంత్. అప్పటికి విక్రాంత్‌కి ఉన్న నాలుగు బాయిలర్లలో ఒకటి పగిలి ఉంది, పూర్తి వేగంతో పోలేదు. అంటే ప్రొడక్షన్‌లో పావు వంతు కెపాసిటీ లేని సర్వర్‌తో పండగ సేల్‌కి దిగినట్టు. పైగా దాని వెనక ఒక సబ్‌మెరైన్ వేట.

ఘాజీ శ్రీలంక చుట్టూ తిరిగి బంగాళాఖాతంలోకి వచ్చింది. దాని రాకని మనం పట్టుకున్నది దాన్ని చూసి కాదు. సబ్‌మెరైన్ల వంటి నౌకలే వాడే ఒక రకం లూబ్రికేటింగ్ ఆయిల్ గురించి చిట్టగాంగ్‌కి వెళ్ళిన వైర్‌లెస్ సందేశం మనవాళ్ళ చెవిన పడింది. ఒక్క లాగ్ లైన్. దాన్ని బట్టి తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ వల పన్నారు. విక్రాంత్‌ని అండమాన్ వైపు పంపేసి, అది వైజాగ్‌లోనే ఉందని నమ్మించే నాటకం మొదలుపెట్టారు. విక్రాంత్ పేరుతో బజారులో పెద్ద ఎత్తున కూరగాయలూ, మాంసం ఆర్డర్లు. రేడియోలో విమాన వాహక నౌక చుట్టూ ఉండేంత సందడి. విక్రాంత్‌లో పనిచేసే నావికుడు తల్లి ఆరోగ్యం గురించి ఆరా తీస్తున్నట్టు, ఎవరైనా వినగలిగేలా ఒక మామూలు సందేశం. ఈ కాలం మాటల్లో హనీపాట్ అన్నమాట. రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్ విక్రాంత్ వేషం కట్టింది.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక వైజాగ్‌లో కిటికీ అద్దాలు అదిరిపోయేలా పెద్ద శబ్దం వినిపించింది. తెల్లారాక జాలర్లు నీళ్ళ మీద తేలుతున్న నూనె, వస్తువులు చూసి కబురు తెచ్చారు. తొంభై మందికి పైగా ఉన్న ఘాజీ రేవు నోటికి కొద్ది దూరంలోనే మునిగిపోయింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లనే అని మనం అంటాం, లోపలే పేలిందని పాకిస్తాన్ అంటుంది. ఆ గొడవ నా టపాకి అక్కర్లేదు. నాకు ముఖ్యమనిపించింది ఒకటే. ఒక శత్రు సబ్‌మెరైన్ కరాచీ నుంచి వైజాగ్ గుమ్మం దాకా, సుమారు మూడు వారాలు, వచ్చేసింది. మునిగాక గానీ దాన్ని మనవాళ్ళు కళ్ళారా చూడలేదు. ఆ రాత్రి మనల్ని కాపాడింది కృష్ణన్ తెలివి, రాజ్‌పుత్ ధైర్యం, కొంత అదృష్టం. కాపలా వ్యవస్థ కాదు.

ఘాజీ వేట తప్పిన ఆ విక్రాంత్ మీంచే డిసెంబరు 4 ఉదయం సీ హాక్‌లు లేచి కాక్స్ బజార్ మీదా, తర్వాత చిట్టగాంగ్ మీదా దాడి చేశాయి. యుద్ధం ముగిసేదాకా సీ హాక్‌లూ అలిజేలూ తూర్పు పాకిస్తాన్ రేవుల్ని ఊపిరి తీసుకోనివ్వలేదు. ఇది అందరికీ తెలిసిన గెలుపు. కానీ అదే వారంలో, డిసెంబరు 9 రాత్రి, పడమటి సముద్రంలో దియు దగ్గర హంగోర్ అనే ఇంకో పాకిస్తాన్ సబ్‌మెరైన్ మన ఖుక్రీని ముంచేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. తూర్పున వల పనిచేసింది, పడమట సబ్‌మెరైన్ తప్పించుకుపోయింది. ఒకే జబ్బుకి రెండు ఫలితాలు.

జరిగాక గానీ పోస్ట్‌మార్టం జరగదు కదా. 1976లో ఆ పాత పంచాయితీ తేలింది. సముద్రం మీద గస్తీ పని నౌకాదళానికి అప్పగించారు. చేతికొచ్చిన విమానాలేమిటో తెలుసా? సూపర్ కాన్‌స్టలేషన్లు. ఒకప్పుడు ఎయిర్ ఇండియా ప్రయాణికుల్ని మోసి, తర్వాత వాయుసేన దగ్గర గస్తీ తిరిగి, మూడో ఇంటికి వచ్చిన ముసలి విమానాలు. వాటితోనే 1976 నవంబరులో గోవాలో 312వ స్క్వాడ్రన్ మొదలయింది. లెగసీ సిస్టం చేతికిచ్చి "ఇవాళ్టి నుంచి ఓనర్ నువ్వే" అన్నట్టు. మరుసటి ఏడాది సోవియట్ యూనియన్ నుంచి కొత్తగా ఐఎల్-38లు వచ్చాయి. ఇక 1988లో ఆ 312వ స్క్వాడ్రన్‌కే ఎనిమిది టీయూ-142లు దక్కాయి. 1992లో అవి అరక్కోణంలో కొత్తగా కట్టిన ఐఎన్ఎస్ రాజాలికి మారాయి. తిరుపతి, రేణిగుంట మీదుగా చెన్నై రైలెక్కేవాళ్ళు దాని పక్క నుంచే పోతుంటారు.

ఇంతకీ ఇది "చూసేది" అంటే ఎలా చూస్తుంది? నీళ్ళ అడుగున ఉన్నదాన్ని ఆకాశంలోంచి చూడ్డం ఏమిటి?

ఆ కాలం డీజిల్ సబ్‌మెరైన్‌కి ఒక బలహీనత ఉంది. నీళ్ళ కింద అది బ్యాటరీల మీద నడుస్తుంది. బ్యాటరీ అయిపోతే, మన ఫోన్ లాగే, చార్జింగ్ పెట్టుకోవాలి. డీజిల్ ఇంజన్ తిప్పాలంటే గాలి కావాలి. గాలి కోసం పైకి రావాలి, కనీసం ఒక గొట్టమైనా నీటి పైకి పెట్టాలి. అప్పుడు రాడార్‌కి దొరుకుతుంది. ఓడతో వెతికితే ఓడ ప్రొపెల్లర్ చప్పుడు సబ్‌మెరైన్‌కి ముందే వినబడి జాగ్రత్తపడుతుంది. విమానం అయితే వచ్చింది తెలిసేలోగా నెత్తి మీదికి వచ్చేస్తుంది. అందుకని పైన ఎప్పుడూ ఒక విమానం తిరుగుతోందన్న భయమే సబ్‌మెరైన్‌ని కిందే ఉంచుతుంది. కింద ఉన్నంతసేపూ అది నెమ్మదిగా కదలాలి, బ్యాటరీ పొదుపు చేసుకోవాలి. పట్టుకోకపోయినా సగం పని అయిపోయినట్టే.

పూర్తిగా మునిగి ఉంటే? అప్పుడు సోనోబోయ్‌లు. సన్నటి గొట్టాల్లాంటివి. విమానం వాటిని ఒక వరసలో సముద్రంలో జారవిడుస్తుంది. ప్రతిదీ నీళ్ళలోకి ఒక మైకు దించి, విన్నది విన్నట్టు రేడియోలో పైకి పంపుతుంది. లోపల కూర్చున్నవాళ్ళు గంటల తరబడి ఆ చప్పుళ్ళు వింటారు. అలల హోరు, చేపల గుంపులు, తిమింగలాలు, దూరంగా పోయే సరుకు ఓడలు. వీటిలో ఏది మామూలు రొద, ఏది సబ్‌మెరైన్? ఇది కాక, తోక మీద ఒక పరికరం, కింద పెద్ద ఇనుప ముద్ద ఉంటే భూమి అయస్కాంత క్షేత్రంలో వచ్చే చిన్న తేడాని పసిగట్టేది. రాత్రంతా డ్యాష్‌బోర్డు ముందు కూర్చుని వంద తప్పుడు అలర్ట్‌ల మధ్య ఒక నిజం అలర్ట్ కోసం చూసేవాళ్ళకి ఈ ఉద్యోగం గురించి నేను ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఈ విమానం ఒకసారి లేస్తే పది గంటలు దాటి గాల్లోనే ఉండగలదు. అలా ఎనిమిది విమానాలు 29 ఏళ్ళు తిరిగాయి. 2017 మార్చి 29న అరక్కోణంలో వీడ్కోలు ఇచ్చేనాటికి 30,000 గంటలు, ఒక్క ప్రమాదం లేకుండా. దాని వెనక ఏముందో ఆలోచించండి. 1988లో కొన్నారు, 1991లో అమ్మిన దేశమే మ్యాప్ మీంచి మాయమైంది! వెండర్ మూతపడ్డాక కూడా పాతికేళ్ళు సిస్టం నడిపిన టీం అది. ఇందులో అదృష్టం ఎంతో, మెకానిక్కుల చెమట ఎంతో తెలియాలంటే ఇంకో పక్క కూడా చూడాలి. 2002 అక్టోబరు 1న గోవాలో, ఐఎల్-38 స్క్వాడ్రన్ పాతికేళ్ళ వేడుకలోనే, రెండు ఐఎల్-38లు గాల్లో గుద్దుకుని రెండిట్లో ఉన్న 12 మందీ చనిపోయారు. ఈ పనిలో "ఏమీ జరగలేదు" అన్న మాట ఊరికే రాదు.

ఇక మన వైజాగ్. 1991 అక్టోబరు 21న అక్కడి నౌకాదళ విమానాశ్రయానికి ఐఎన్ఎస్ డేగ అని పేరు పెట్టారు. అవును, మన డేగే! నౌకాదళం తన విమాన స్థావరాలకి చాలావాటికి పక్షుల పేర్లు పెడుతుంది. కొచ్చిలో గరుడ, గోవాలో హంస, అరక్కోణంలో తమిళ రాజాలి, అండమాన్‌లో ఉత్క్రోశ్, ఇంకా కింద గ్రేట్ నికోబార్‌లో బాజ్. ఈ వరసలో తెలుగు మాట డేగ. హైదరాబాద్ నుంచి వైజాగ్ విమానాల్లో ఇన్నేళ్ళు తిరిగిన మనలో చాలామంది దిగింది ఆ డేగ రన్‌వే మీదే. కిటికీలోంచి బూడిద రంగు హెలికాప్టర్లు చూసి "నేవీవి" అనుకుని, ఫోన్ ఆన్ చేసుకుని క్యాబ్ బుక్ చేసుకునేవాళ్ళం. నేనైతే అంతే చేసేవాణ్ణి. ఎన్నిసార్లు దిగానో లెక్క లేదు, ఆ పేరు తెలుగని ఒక్కసారీ తట్టలేదు.

(బాపుకి ఈ డేగ సంగతి చెప్తే, "కోడిపిల్లల నెత్తుకపోయేదేనా? దాని పేరు వెట్టిన్రా?" అని తెగ నవ్వాడు.)

ఇంతదాకా రాసింది చదివితే కాపలా విమానాలుంటే చాలు, సముద్రం మన చెప్పుచేతల్లో ఉంటుందనిపిస్తుంది. అలా లేదు. 2016 జులై 22న వాయుసేన ఏఎన్-32 రవాణా విమానం చెన్నై పక్కన తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌లోని ఐఎన్ఎస్ ఉత్క్రోశ్‌కి బయల్దేరింది. అందులో 29 మంది. వాళ్ళలో ఎనిమిది మంది మన విశాఖ నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. సైనికులు కారు, డ్యూటీ మీద పోతున్న మామూలు ఉద్యోగులు. విమానం బంగాళాఖాతం మీద మాయమైంది. నౌకాదళం, వాయుసేన, కోస్ట్‌గార్డ్ కలిసి ఓడలూ, సబ్‌మెరైనూ, విమానాలూ దింపి వెతికాయి. టీయూ-142 వారసుడిగా 2013 నుంచి అరక్కోణానికి వచ్చిన పీ-8ఐలు కూడా వెతికాయి. ఆ రోజుకి మన దగ్గర ఉన్నవాటిలో అంతకన్నా మంచి కళ్ళు లేవు. వారాలు వెతికినా ఏమీ దొరకలేదు. సెప్టెంబరులో అందరూ చనిపోయినట్టుగా భావిస్తున్నామని కుటుంబాలకి ఉత్తరాలు వెళ్ళాయి. శిథిలాల ఫోటోలు బయటికొచ్చింది 2024 జనవరిలో. సముద్ర సాంకేతిక పరిశోధన సంస్థ వాళ్ళు నీటి అడుగున పంపిన మనిషి లేని వాహనానికి, చెన్నై తీరానికి సుమారు 140 నాటికల్ మైళ్ళ దూరంలో, 3,400 మీటర్ల లోతున దొరికింది. ఏడున్నరేళ్ళు. ఆ ఎనిమిది ఇళ్ళల్లో ఆ ఏడున్నరేళ్ళు ఎలా గడిచి ఉంటాయో ఊహించుకోవడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

కాబట్టి డేగ కన్నుకీ హద్దుంది. సముద్రం అంత పెద్దది. అందుకే కాపలా మానేద్దామా మరి? ఇక్కడే నాకు నా ఆఫీసు గుర్తొచ్చింది.

కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన ఒక కంపెనీలో (పేరు వద్దు) రాత్రిళ్ళు సిస్టమ్స్ చూసుకునే చిన్న టీం ఒకటి ఉండేది. నలుగురు. రెండేళ్ళు పెద్ద సమస్య ఒక్కటీ రాలేదు. క్వార్టర్ రివ్యూలో ఒక మేనేజర్ స్లైడ్ వేసి చూపించాడు: ఇన్సిడెంట్లు సున్నా, ఖర్చు ఇంత. "వీళ్ళు చేస్తున్న పనేంటి?" అని అడిగాడు. గదిలో నేనూ ఉన్నా. సమాధానం చెప్పడం నాకు చేతకాలేదు. నిజం చెప్పాలంటే ప్రయత్నించను కూడా లేదు, నా టీం కాదు కదా అనుకున్నా. ఆ నలుగుర్నీ ఇద్దరు చేశారు, తర్వాత ఎవరూ లేకుండా చేశారు. ఐదు నెలలకి ఒక శనివారం రాత్రి డిస్క్ నిండిపోయి మొత్తం కూర్చుంది. ఆదివారం మధ్యాహ్నం దాకా ఎవరూ చూడలేదు. ఆ తర్వాత రెండు రోజులు నిద్రపోకుండా దాన్ని నిలబెట్టినవాళ్ళకి అవార్డులిచ్చారు. అందులో ఒకటి నాకు కూడా వచ్చింది. ఇంట్లో షెల్ఫ్‌లో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఆ నలుగురే గుర్తొస్తారు. రెండేళ్ళు ప్రతి వారం డిస్క్ ఖాళీ చేసింది వాళ్ళే.

1971 దాకా మన తీరం కాపలా విషయంలోనూ ఇలాంటిదే జరిగిందని నా అభిప్రాయం. యుద్ధనౌకకి డబ్బు అడిగితే అర్థమవుతుంది, జెట్‌కి అడిగితే అర్థమవుతుంది. "ఏమీ జరక్కుండా చూడ్డానికి" పెద్ద విమానాలు కావాలంటే, ఆ పని ఎవరిదో తేల్చడానికే ఏళ్ళు పట్టింది. ఘాజీ గుమ్మంలోకి వచ్చాక, ఖుక్రీ పోయాక గానీ కదల్లేదు. ఇలా రాస్తే కొందరికి కోపం రావచ్చు, రక్షణ ఖర్చు ఎంతైనా పెట్టాలంటున్నాడు వీడు అని. కాదండీ. ప్రతి రూపాయికీ లెక్క అడగాల్సిందే. కానీ కాపలాకి లెక్క అడిగేటప్పుడు "ఎన్ని జరిగాయి" అన్నది కొలత కాకూడదంటున్నా. ఎంత మేర చూశారు, ఎన్ని గంటలు చూశారు, చూసింది ఎంత త్వరగా చెప్పారు, చెప్తే వినేవాళ్ళున్నారా. ఇవి కొలతలు. బిర్చాల్ కబురు పనికొచ్చింది కొలంబోలో దాన్ని నమ్మి ఓడల్ని కదిలించినవాళ్ళున్నారు కాబట్టే.

మొన్న ఆదివారం ఊరికి పోతూ రాజీవ్ రహదారి మీద హకీంపేట దాటుతుంటే వాయుసేన శిక్షణ విమానం ఒకటి తల మీంచి పోయింది. ఇటు పక్కన దుండిగల్ అకాడమీ ఉంది కదా, అక్కడి పరేడ్లలో వాయుసేన వాళ్ళతో పాటు నౌకాదళం, కోస్ట్‌గార్డ్ కుర్రాళ్ళు కూడా వింగ్స్ అందుకుంటారు. అంటే సముద్రాన్ని కాసే పైలట్లలో కొందరికి రెక్కలొచ్చేది సముద్రం లేని మా వైపే. ఇంటికెళ్ళాక బాపుని కూర్చోబెట్టి ఇదంతా చెప్పా. ర్యూజో, బిర్చాల్, ఘాజీ, పాత కాన్‌స్టలేషన్, అన్నీ. ఆయన గొంగడి మడత పెట్టుకుంటూ విన్నాడు. చిన్నప్పుడు మా మందని ఎరువు కోసం ఎవరి చేనులోనో నిలిపితే, ఆయన చేను గట్టు మీద అదే గొంగడి కప్పుకుని, కుక్కని పక్కన పెట్టుకుని రాత్రంతా కూర్చునేవాడు. తోడేళ్ళ భయం అప్పట్లో మా వైపు బాగా ఉండేది.

అంతా విని అన్నాడు: "గట్ల చెప్పరాదు మరి ఆ దినం. మంద కాడ కావలన్నట్టు. తోడేలొచ్చిన నాడు కర్ర వట్టుకొని ఉరికినోన్ని ఊరంత యాది జేస్తది. రాని నాడు కండ్లు ముయ్యనోన్ని ఎవలడుగుతరు?"

కాసేపాగి, "మరి ఆ ఎనమండ్లు దొరికిన్రా?" అనడిగాడు. విమానం ముక్కలు కనబడ్డాయి, మనుషులు లేరు అని చెప్పా. తల ఊపాడు. ఇంకేం అనలేదు.

వైజాగ్ వెళ్తే ఆ విమానం లోపలికి తప్పకుండా వెళ్ళండి. కాక్‌పిట్ దగ్గర ఫోటోకి ఎలాగూ వరస ఉంటుంది, తర్వాత దిగొచ్చు. ముందు లోపల తెరల ముందున్న కుర్చీల దగ్గర ఒక నిమిషం నిలబడండి. పది గంటలు ఆ ఇరుకులో కూర్చుని నీళ్ళ చప్పుడు విని, ఏమీ లేదని రాసుకుని ఇంటికొచ్చినవాళ్ళ కుర్చీలవి. ఇక సోమవారం ఆఫీసుకి వెళ్ళాక, మీ దగ్గర రాత్రి షిఫ్టులో ఎవరుంటారో వాళ్ళ పేర్లు మీకు తెలుసా? నాకు ఆ నలుగురిలో ఇద్దరి పేర్లే గుర్తున్నాయి.